గట్టు కాలుతుందా?

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్ వంటింట్లో, పొయ్యికి కుడిపక్కన గట్టు మీద, జానెడు వెడల్పున ఒక గోధుమరంగు వలయం పోయిన చలికాలంలో పడింది. అది నా చేతి పనే. ఆ ఆదివారం గోంగూర పప్పుకు తాలింపు పెడుతున్నాను. ఎండుమిరపకాయలు రెండు ఎక్కువ పడ్డాయి, నూనె కూడా కాస్త ఎక్కువే కాగింది, ఆ ఘాటు పైకి లేచిన మరుక్షణం పైకప్పుకున్న పొగ అలారం గొంతు చించుకోవడం మొదలుపెట్టింది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో తాలింపుకూ ఆ అలారానికీ ఉన్న వైరం అందరికీ తెలిసిందే. మావారు తువ్వాలు తీసుకుని అలారం కింద విసరడానికి పరుగెత్తారు, నేను కిటికీ తెరవడానికి పరుగెత్తాను. పరుగెత్తే ముందు, చదునైన అడుగున్న ఇనప మూకుడును పొయ్యి మీది నుంచి దింపి పక్కనున్న గట్టు మీద పెట్టాను. అలారం ఊరుకునేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది. వచ్చి మూకుడు ఎత్తి చూస్తే, దాని అడుగు అంచు అచ్చుగుద్దినట్టు గట్టు మీద దిగి ఉంది.

నెల్లూరు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అమ్మ, ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి చూసి, నిజంగానే అర్థం కాక అడిగింది: "గట్టు కాలడమేందమ్మా? గట్టు ఎక్కడన్నా కాలుద్దా?"

ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. మా ఇంట్లో వంటగట్టు అంటే మొదట నల్లటి కడప బండ, ఆ తరువాత ఇల్లు బాగుచేయించినప్పుడు వేయించిన గ్రానైటు. కాగిన నూనె మూకుడైనా, గంజి వార్చబోయే అన్నం గిన్నె అయినా, పట్టకారుతో ఎత్తి పక్కన పెట్టేస్తే దానికేమీ కాదు. కడప బండకు ఉన్న శత్రువు వేడి కాదు, పులుపు. అది సున్నపురాయి కనుక నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికి అలాగే ఉండిపోతే మెరుపు పోయి తెల్లబారుతుంది. అందుకే పులుసు ఒలికితే వెంటనే తుడవాలని మాకు చిన్నప్పటి నుంచి అలవాటు చేశారు గానీ, వేడి గిన్నె ఎక్కడ పెట్టాలన్న సంగతి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. చెయ్యి నేర్చుకున్నది అదే. దేశం మారి పదకొండేళ్లయినా, తొందరలో ఆ చెయ్యి రాతిగట్టునే వెతుక్కుంది.

ఇక్కడి గట్టు రాయి కాదు. చాలా అద్దె ఇళ్లలో ఉండేది మనవాళ్లు సన్‌మైకా అని పిలిచే ల్యామినేటే. మనకు సన్‌మైకా అనగానే బీరువా తలుపులు, బల్లలు గుర్తుకొస్తాయి. ఇక్కడ దాన్నే సుమారు 19 మిల్లీమీటర్ల మందమున్న, రంపపు పొట్టును జిగురుతో నొక్కి చేసిన చెక్క మీద అంటించి, వంటగట్టుగా బిగిస్తారు. ఆ పేరు చివర ఉన్న మైకా, అంటే అభ్రకం, గురించి నెల్లూరువాళ్లకు కొత్తగా చెప్పవలసిన పని లేదు, గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనుల ఊసు వినకుండా మా తరం ఎవరూ పెరగలేదు. అభ్రకం వేడికి జంకదు, కరెంటును పోనివ్వదు. పాత ఇస్త్రీపెట్టెల్లో ఎర్రగా కాలే తీగను చుట్టేది అభ్రకపు రేకు మీదనే. 1912, 1913 ప్రాంతంలో డేనియల్ ఒకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు ఇంజనీర్లు, విద్యుత్ పరికరాల్లో ఆ అభ్రకానికి బదులుగా వాడగలిగిన పొరల పలకను బేకలైటు అనే తొలితరం ప్లాస్టిక్ జాతి రెజిన్‌తో, అంటే గట్టిపడే బంక లాంటి పదార్థంతో, తయారుచేసి, 1913లో సిన్సినాటిలో ఒక కంపెనీ పెట్టి, మైకాకు బదులు అనే అర్థం వచ్చేలా దానికి ఫార్మైకా అని పేరు పెట్టారు. అంటే ఆ పేరులో మైకా ఉన్నది లేదని చెప్పడానికే. మన సన్‌మైకా కూడా ఆ జాతి రేకే. సన్‌మైకా గట్టు మీద వేడి మూకుడు పెట్టినవాళ్లు ఒక్క క్షణం గుర్తుంచుకోవలసినది ఇదే: పేరులో అభ్రకం ఉంది, ఒంట్లో కాగితమే ఉంది.

కాగితం అన్నది మాటవరసకు కాదు. ముదురు గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలు కొన్నింటిని ఫినాలిక్ రెజిన్‌లో ముంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద రంగూ డిజైనూ ముద్రించిన కాగితాన్ని మెలమిన్ రెజిన్‌లో ముంచి పరిచి, చదరపు అంగుళానికి 1000 పౌండ్లకు మించిన ఒత్తిడితో, సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో నొక్కితే, అంతా కలిసి మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉండే ఒకే రేకుగా గట్టిపడుతుంది. ఈ రెజిన్లు మైనంలా కరిగి మళ్లీ గడ్డకట్టే జాతివి కావు. గుడ్డు ఒకసారి ఉడికాక మళ్లీ పచ్చి గుడ్డు కానట్టే, ఇవి ఒకసారి గట్టిపడ్డాక ఎంత వేడి చేసినా కరగవు, మాడుతాయి. కాలిన మచ్చను వెనక్కి తిప్పే మందు ఎక్కడా లేకపోవడానికి కారణం ఇదే. అది గట్టు మీద పడిన మురికి కాదు. గట్టే అక్కడ మారిపోయింది.

ఎంత వేడికి మారుతుందన్నది కూడా చెప్పుకోవాలి. ఇలాంటి గట్టు కొద్దిసేపటి పాటు తట్టుకునే వేడి సుమారు 135 డిగ్రీల సెల్సియస్ అని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మరుగుతున్న నీళ్లు 100 డిగ్రీలు, ఈలలు వేస్తున్న ప్రెషర్ కుక్కర్ లోపల సుమారు 120 డిగ్రీలు. ఈ లెక్క చూసి కుక్కర్ వల్ల భయం లేదనుకుంటే పొరపాటే, ఎందుకంటే లోపలి పప్పు 120 దగ్గర ఉన్నా, కరెంటు చుట్ట మీద కూర్చున్న కుక్కర్ అడుగు అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కి ఉంటుంది. రిఫైన్డ్ నూనె పొగలు కక్కుతున్నదంటే 200 డిగ్రీలు దాటినట్టే, దాన్ని మోస్తున్న ఇనుము ఆ వేడిని పట్టుకుని అంత త్వరగా వదలదు. వేడి స్టీలు గిన్నెను గట్టు మీద పెట్టి తప్పించుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఇనప మూకుడు, దోసెల పెనం మాత్రం ఒక్కసారికే ముద్ర వేస్తాయి.

ఇక మచ్చ సంగతి. చూడగానే స్పాంజి తీసుకుని రుద్దడానికి దిగకుండా, అది కాలడమా, రంగు అంటడమా అన్నది ముందు తేల్చుకోవాలి. మన వంటిళ్లలో పసుపు మరక పాతబడితే గోధుమరంగుకు దగ్గరగా వచ్చి కాలినట్టే కనిపిస్తుంది. తేల్చుకునే ఉపాయం మన పెరట్లోదే. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడతాయి కదా, పసుపుకు క్షారం తగిలితే జరిగేది అదే. బేకింగ్ సోడాలో కొద్దిగా నీళ్లు కలిపి మచ్చ మీద పెట్టినప్పుడు అది ఎరుపు దిక్కుకు తిరిగితే పసుపే, నిశ్చింతగా ఉండవచ్చు. అటువంటి మరకకు, మందుల షాపులో 3 శాతం అని రాసి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన గుడ్డను కొద్ది నిమిషాలు వేసి ఉంచి, తరువాత నీళ్లతో శుభ్రంగా తుడిచేస్తే చాలావరకు పోతుంది. నా వలయం దగ్గర పావు అంగుళం మేర ఎర్రబడింది, అది ఎప్పటిదో సాంబారు మరక. మిగతాది చలించలేదు.

చలించకపోయినా ఆ సోడా ముద్దనే పది నిమిషాలు ఉంచి, పాత నూలు గుడ్డతో చుట్టూ తిప్పుతూ మెత్తగా తుడిచాను. అప్పుడు ఒక విషయం తెలిసింది. వలయం వెలుపల ఉన్న లేత పసుపుపచ్చ అంచు గుడ్డకు అంటుకుని వచ్చేసింది, ఎందుకంటే అది గట్టు కాలడం వల్ల వచ్చింది కాదు, మూకుడు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డూ మసీ వేడికి దిగి అంటుకున్నది. సోడాతో మచ్చ పోయిందనీ, తెల్ల టూత్‌పేస్టుతో పోయిందనీ చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు పోయింది ఈ జిడ్డు మచ్చ. అది పోయాక మిగిలిన ముదురు గీత మీద ఇంకెన్ని రోజులు రుద్దినా ఫలితం ఉండదు. అక్కడే ఆపి ఉంటే బాగుండేది. నేను ఆపలేదు. ఏ మరకనైనా చెరిపేస్తుందని పేరున్న ఆ తెల్ల స్పాంజి ముక్కను తెచ్చి పావుగంట పట్టుదలగా రుద్దాను. ఆ స్పాంజి కూడా మెలమిన్ రెజిన్‌తో చేసిన నురుగే, గట్టు పైపొర కూడా మెలమిన్ రెజినే. మెత్తగా కనిపించినా అది నిజానికి చాలా సన్నని గరుకు కాగితం వంటిది. వలయం అలాగే ఉంది, దాని చుట్టూ అరచేయంత మేర గట్టు మెరుపు పోయి, వెలుతురు పక్క నుంచి పడినప్పుడల్లా కళ తప్పిన మొహంలా కనబడడం మొదలైంది. ఉన్న ఒక్క మచ్చను రెండు చేసుకున్నాను. గిన్నెలు తోమే పొడులూ స్టీలు పీచూ అయితే ఇంకా ఎక్కువ చెరుపు చేస్తాయి.

కాబట్టి రుద్దడం కన్నా ముందు లోతు చూడాలి. గోటి కొసను మచ్చ మీదుగా నెమ్మదిగా లాగితే, ఎక్కడా తగలకుండా నున్నగా జారిపోతే, పైపొర రంగు మారిందే తప్ప చెడలేదని అర్థం. దాన్ని అలాగే వదిలేయడం ఉత్తమం. గోరు తట్టుకుంటే, లేదా నల్లటి పొడి రాలితే, డిజైను ఉన్న కాగితం దాకా మాడినట్టు. ఆ కాగితం మందం మామూలు కాగితం మందమే, దాని కింద ఉన్నదంతా ముదురు గోధుమరంగు, అందుచేత గరుకు కాగితంతో గీకి మచ్చను తీసేద్దామనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. చెక్క బల్ల మీద కాలిన మచ్చను గీకితే కింద అదే చెక్క వస్తుంది. ఇక్కడ కింద వచ్చేది వేరే రంగు.

మూడోది ఉబ్బు. వేలి కణుపుతో తట్టి చూస్తే మిగతా చోట్ల నిండుగా వినిపించే చప్పుడు ఒకచోట డొల్లగా వినిపిస్తే, రేకుకూ చెక్కకూ మధ్య ఉన్న జిగురు వేడికి పట్టు వదిలిందన్నమాట. నా వలయంలో అణా కాసంత మేర అలా లేచింది. ఇది మాత్రం బాగయ్యే జబ్బు, మందు కూడా వేడే. మచ్చ మీద మడతపెట్టిన పొడి నూలు గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను మధ్యస్థమైన వేడిలో పెట్టి, ఒక్కొక్కసారి కొద్ది సెకన్లే ఆనిస్తూ, చేతికి రేకు వెచ్చగా తగిలేదాకా చేశాను. జిగురు మెత్తబడ్డాక అప్పడాల కర్రతో మధ్య నుంచి అంచుకు నొక్కుతూ పోయి, చివరికి ఇడ్లీ రుబ్బే చిన్న గ్రైండరు రాయిని గుడ్డలో చుట్టి దాని మీద పెట్టి, పూర్తిగా చల్లారేదాకా కదల్చలేదు. ఉబ్బు దిగింది. రేకు అంటించడానికి వాడిన జిగురు వేడికి మెత్తబడే రకమైతేనే ఈ ఉపాయం పనిచేస్తుంది. రేకు లోపలి కాగితపు పొరలే విడిపోయి ఉంటే ఎంత ఇస్త్రీ చేసినా దిగదు. సింకు పక్కన లేచిన అంచులకైతే ముందు తడి పూర్తిగా ఆరిందా అన్నది చూసుకోవాలి, లేకపోతే నీళ్లు తాగిన చెక్క లోపలే ఉబ్బుతుంది, దానికి మందు లేదు.

మాడిన గీతను పూడ్చడానికి ల్యామినేట్ రిపేరు పేస్టు అని చిన్న ట్యూబుల్లో అమ్ముతారు. పని చిన్నదే గానీ ఓపిక పెద్దది కావాలి. రాలిపోయేలా ఉన్న నల్లటి పొడిని బ్లేడు మొనతో ఎత్తి తీసేసి, చుట్టూ మాస్కింగ్ టేపు అతికించి, మధ్యలో జిడ్డు లేకుండా స్పిరిటుతో తుడిచి, కిటికీలు తెరిచి, పొయ్యి ఆపి పని మొదలుపెట్టాను. ఆ పేస్టులో ఉండే ద్రావకం ఘాటైనదే కాక నిప్పు అంటుకునే రకం కూడా. అది ఆరుతూ కుంగిపోతుంది. ఒకేసారి మందంగా వేస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండి, తరువాత గుంట పడుతుంది. అందుకని గోరింటాకు పెట్టేంత పలుచగా ఒక పూత, అది ఆరాక మరొకటి, ఇలా మూడు రోజుల్లో నాలుగు పూతలు వేయవలసి వచ్చింది. రంగు కలపడం మరో ముచ్చట. మా గట్టుది దూరం నుంచి ఉత్త లేత గోధుమరంగు. దగ్గరగా చూస్తే అందులో తెలుపు, బూడిద, కాఫీరంగు చుక్కలు లెక్కలేనన్ని ఉన్నాయి. రెండు ట్యూబులను అట్టముక్క మీద పుల్లతో కలిపి, ఆరితే ఏ రంగు వస్తుందో మరో మూల రాసి చూసుకుని, వేశాను. అయినా పూడ్చిన చోటు ఒకే రంగులో, ముగ్గులేని వాకిలిలా వెలవెలబోయింది. అప్పుడు మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, సన్నటి కుంచెతో కాఫీరంగు చుక్కలు పెట్టింది. ఆమె ముగ్గుల చెయ్యి కనుక చుక్క చుక్కకూ మధ్య ఎడం పక్కనున్న గట్టును చూసి అంచనా వేసింది, వరసలు పెట్టకుండా కావాలనే చెదరగొట్టింది. పై నుంచి చూస్తే ఇప్పుడు తేడా తెలియదు. కిటికీ వైపు వంగి చూస్తే తెలుస్తుంది. పూడ్చిన ఆ చోటు గట్టులా గట్టిది కాదు, దాని మీద కత్తి ఆడకూడదు, వేడి అసలే పెట్టకూడదు. మెరుపు పోయిన భాగానికి కారుకు వాడే మైనం కాస్త రాస్తే కళ వచ్చింది గానీ, అది రెండు మూడు వారాల ముచ్చటే, కూరగాయలు తరిగి పెట్టే చోట అది కూడా వద్దు.

అద్దె ఇల్లు కనుక ఇంకొక లెక్క కూడా ఉంది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లోని 92వ అధ్యాయం ప్రకారం, ఇల్లు ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోత పెడితే దేనికి ఎంతో రాతపూర్వకంగా వివరం ఇవ్వాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదు. మనం వెళ్లే కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలన్న సంగతి చాలామంది మరచిపోతారు. అయితే ఆ మామూలు అరుగుదల అనే మాటకు అదే చట్టం ఇచ్చిన అర్థంలో, అద్దెకున్నవారి నిర్లక్ష్యం వల్లా ప్రమాదం వల్లా జరిగిన చెరుపు చేరదు. పదేళ్ల గట్టు రంగు వెలిస్తే అరుగుదల, నా మూకుడు వలయం నా ప్రమాదం, వాదించడానికేమీ లేదు. అందుకని పూడ్చే పని మొదలుపెట్టే ముందే ఫోటోలు తీసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకు మెయిలు రాశాను. వాళ్ల పనివాడు వచ్చి చూసి, గట్టు మొత్తం మార్చవలసినంతది కాదని రాసి వెళ్లాడు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకున్నాను. ఇల్లు తీసుకునే రోజున ఇచ్చే కండిషన్ ఫారంలో పాత మచ్చలన్నీ రాసి, ఫోటోలు తీసి ఉంచుకోవడం అంతకన్నా మేలు, లేకపోతే ముందున్నవారి మచ్చలకు కూడా మనమే కట్టవలసి వస్తుంది. మచ్చ కనిపించకుండా మార్బుల్ డిజైను స్టిక్కరు అంటించిన స్నేహితురాలొకరు, ఖాళీ చేసేటప్పుడు ఆ జిగురు వదిలించడానికి రెండు రాత్రులు కూర్చున్నారు, పైగా కింది మచ్చ కింద అలాగే ఉంది.

సొంత ఇల్లయితే దారులు ఎక్కువ. మన దగ్గర పొయ్యి పక్కన అల్మారా తలుపు సన్‌మైకా కాలితే వడ్రంగిని పిలుస్తాం, అతను పాత రేకు ఊడదీసి, ఎనిమిది అడుగులకు నాలుగడుగుల కొత్త షీటు నుంచి ముక్క కోసి, జిగురు రాసి, సాయంత్రానికి అంటించి పోతాడు. ఇక్కడ పనివాడి కూలీ రేకు ఖరీదును మించిపోతుంది కనుక, కాలిన చోటును చతురస్రంగా కోసి తీసేసి, అందులో టైలో స్టీలు పలకో అమర్చుకోవడం కొందరు చేసే పని. నా దృష్టిలో అది అతుకులా కాక మొదటి నుంచీ ఉండవలసిన ఏర్పాటులా ఉంటుంది, ఎందుకంటే వేడి గిన్నె దిగేది ఎప్పుడూ పొయ్యి పక్కన ఆ అడుగు స్థలంలోనే.

మూకుళ్ల గురించి ఇంత చెప్పాక మెల్లగా కాల్చేవాటిని వదిలేస్తే అన్యాయం. రోజూ ఒకేచోట గంటల తరబడి ఉండే రైస్ కుక్కరు, దోసెల కోసం వాడే ఎలక్ట్రిక్ పెనం మచ్చ వేయవు గానీ కింది జిగురును ఏళ్ల మీద ఎండగొడతాయి, వాటి కింద చెక్క పీట ఉండాలి. దేవుడి గది లేని అపార్ట్‌మెంట్లలో గట్టు మూలనే దేవుణ్ణి పెట్టుకుంటాం కదా, హారతి పళ్లెం అడుగున కర్పూరం వేడి, అగరుబత్తి నుంచి రాలిన నిప్పు రవ్వ వేసిన చిన్న చిన్న మచ్చలు ఇక్కడ నేను చూసిన ఇళ్లలో మూకుడు మచ్చల కన్నా ఎక్కువ.

నా చేతి అలవాటును మార్చే ప్రయత్నం నేను చేయలేదు. నలభై ఏళ్ల చెయ్యి తొందరలో మాట వినదు. దానికి కావలసిన రాతిని తెచ్చి అక్కడ పెట్టడమే సులువనిపించి, గట్లు కోసే రాతి యార్డుకు వెళ్లి, కోతలో మిగిలిన ముక్కలు పేర్చిన చోట వెతికాను. నల్లటి రాతి మీద బంగారు పొడి చల్లినట్టున్న ముక్క ఒకటి చూపించి, దాని పేరు బ్లాక్ గెలాక్సీ అన్నాడు యార్డు మనిషి. అది ఒంగోలు దగ్గర చీమకుర్తి రాయి, ప్రపంచమంతటికీ అక్కడి నుంచే వెళుతుంది. అంచులు నునుపు చేయించి, అడుగున్నర పలక ఇంటికి తెచ్చాను. అయితే రాయి వేడిని ఆపదు, మెల్లగా కిందికి దింపుతుంది. నేరుగా ల్యామినేటు మీద పరిస్తే మూకుడుకు బదులు రాయే గట్టును కాలుస్తుంది. అందుచేత నాలుగు మూలలా కార్కు బెరడు బిళ్లలు అంటించి, మధ్యలో వేలు దూరేంత గాలి ఉండేలా నిలబెట్టాను.

అమ్మ ఆ పలకను అరచేత్తో రాసి చూసి, "మన చీమకుర్తిదేనా!" అని మురిసిపోయింది. మర్నాడు రసం దింపబోయే ముందు మాత్రం, తన పాత నూలు చీర పేలికలను పేని చుట్టిన చుట్టకుదురు ఒకటి తెచ్చి ఆ రాయి మీద పెట్టింది. రాతికెందుకమ్మా కుదురు అన్నాను. గిన్నె దాని మీద కూర్చోబెట్టి, చేతులు మసిగుడ్డకు తుడుచుకుంటూ అంది: "రాతికేం కాదులే. దాని కింద కాగితం ఉందిగా."